ఈనిన గేదెకు మాటిమాటికీ కడుపుబ్బరమా? ఇనుప తీగను అనుమానించండి

గేదె ఈని నెల కూడా కాలేదు. మేత సగం మానేసింది. పాలు తగ్గిపోయాయి. ఎడమ డొక్క ఉబ్బుతోంది. మందు పోయిస్తే తగ్గి, రెండు రోజులకు మళ్లీ మొదటికి వస్తోంది. పేడ కొంచెంగా, నల్లగా, బంకలా పడుతోంది. ఇలా ఉంటే అజీర్ణమని సరిపెట్టుకోకండి. పొట్టలోని ఒక గది రొమ్ములోకి జారి ఉండొచ్చు. దీన్నే డయాఫ్రమ్ హెర్నియా అంటారు. ఆవుల్లో కన్నా గేదెల్లోనే ఇది ఎక్కువ.

ఎలా వస్తుంది?

గేదె మేతను ఏరుకొని తినదు. గబగబా మింగేసి, తరవాత తీరిగ్గా నెమరు వేస్తుంది. మేతతోపాటు మేకు, తీగముక్క, సూది ఏది వచ్చినా లోపలికి పోతుంది. బరువైన ఇనుము తేనెపట్టులా గళ్లు గళ్లుగా ఉండే రెండో పొట్టలో నిలిచిపోతుంది. ఆ గదికి ముందు డయాఫ్రమ్ అనే కండర పొర ఉంటుంది. పొట్టకూ, గుండె, ఊపిరితిత్తులున్న రొమ్ముకూ మధ్య అడ్డుగోడ అదే. తీగ గుచ్చుకున్న చోట ఆ గోడ బలహీనపడుతుంది. నిండు చూడిలో దూడ బరువు, ఈనేటప్పుడు ముక్కడం తోడైతే అక్కడ చిల్లు పడుతుంది. రెండో పొట్ట అందులోంచి రొమ్ములోకి దూరి ఊపిరితిత్తిని నొక్కుతుంది. తీగ ఇంకా ముందుకు పోతే గుండె పొరకు గుచ్చుకొని చీము పడుతుంది. అప్పుడు గంగడోలు నీరు పడుతుంది. ఆ దశలో ఆపరేషన్ చేసినా బతికే ఆశ తక్కువ.

గోపాలపట్నం, పెందుర్తి చుట్టుపక్కల పాడి రైతులు ఈ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. ఊళ్లు నగరంలో కలిసిపోయాయి. ఇళ్ల కట్టుబడి జరిగే చోట బైండింగు వైరు ముక్కలు, సెంట్రింగు మేకులు గడ్డిలోనే పడి ఉంటాయి. భోగి మంటల్లో టైర్లు కాలిస్తే బూడిదలో సన్నని ఉక్కు తీగలు మిగులుతాయి. గేదె అక్కడే మేస్తుంది.

ఆపరేషన్ ఎలా చేస్తారు?

ముందుగా డాక్టరు రొమ్ము మీద గొట్టం పెట్టి వింటారు. పొట్ట కదిలే చప్పుడు రొమ్ములో వినిపిస్తే అనుమానం బలపడుతుంది. ఎక్స్-రే, స్కానింగు తీస్తే ఖాయంగా తెలుస్తుంది.

ఆపరేషన్ రెండు విడతలు. మొదటి విడతలో గేదెను నిలబెట్టి, డొక్కకు మత్తు ఇచ్చి, ఎడమవైపు పెద్ద పొట్ట తెరుస్తారు. మేతంతా తీసి, ఇనుము ఏరేసి, చేతితో తడిమి చిల్లు ఉందో లేదో చూస్తారు. ఒకటి రెండు రోజుల తరవాత రెండో విడత. పూర్తి మత్తు ఇచ్చి, వెల్లకిలా పడుకోబెట్టి, రొమ్ము ఎముక వెనక కోస్తారు. జారిన పొట్టను వెనక్కి లాగి, చిల్లును గట్టి దారంతో కుడతారు. రొమ్ములోకి గాలి చొరబడితే ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది. అందుకే గొట్టం వేసి శ్వాస అందిస్తూ కుట్టాలి.

ఒక మాట గుర్తుంచుకోండి. మొదటి విడతతో ఉబ్బరం తగ్గి, గేదె నాలుగు రోజులు మేత మేస్తుంది. నయమైపోయిందని చాలామంది ఇంటికి తోలుకుపోతారు. చిల్లు అలాగే ఉంటే ఉబ్బరం మళ్లీ వస్తుంది. ఈసారి గేదె నీరసించి ఉంటుంది. నిండు చూడి గేదె అయితే మొదటి విడత మాత్రం చేసి, ఈనాక రెండోది చేయించమని డాక్టరు చెప్పొచ్చు.

ఎక్కడికి తీసుకెళ్లాలి?

మీ ఊరి పశువైద్యుడికి ముందు చూపించండి. 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. కానీ ఈ ఆపరేషన్ వాహనంలో అయ్యేది కాదు. పెద్ద ఆసుపత్రి కావాలి. విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. ఎక్స్-రే, మత్తు వసతి ఆ రోజు ఉన్నాయో లేదో, ఖర్చెంతో ఫోన్‌లో కనుక్కొని బయల్దేరండి. వాహనంలో ముందు కాళ్ల వైపు ఎత్తు చేయండి. పక్కకు పడుకోబెట్టి కట్టేయొద్దు. ఆయాసపడే గేదెకు నూనె, మందులు బలవంతంగా పోయొద్దు. ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది.

రాకుండా చూసుకోవడమే మేలు

తవుడు, చిట్టు జల్లెడ పట్టండి. దాణాలో అయస్కాంతం ఒకసారి తిప్పండి. శాలలో మేకులు, తెగిన కంచె తీగ ఉంచొద్దు. ఎండుగడ్డి మోపులు తీగతో కాకుండా తాడుతో కట్టండి. ఏడాది దాటిన పశువుకు డాక్టరు చేత అయస్కాంతం మింగిస్తే అది పొట్టలోనే ఉండి ఇనుమును పట్టి ఉంచుతుంది. రాగి, అల్యూమినియం తీగలను మాత్రం అది పట్టదు. కాబట్టి అయస్కాంతం ఉంది కదా అని మేత దగ్గర ఏమరుపాటు వద్దు.

రెండోసారి ఉబ్బరం వచ్చిందంటే ఇక ఇంటి వైద్యం ఆపేయండి. గేదె తన కాళ్ల మీద నిలబడి ఉండగానే ఆసుపత్రికి చేర్చండి.