కనబడని శత్రువు – చేతిలోని ఖైదీ

వార్షిక సంచికకు ఏదైనా రాయమని యూనియన్ తమ్ముళ్ళు మా ఇంటికి వచ్చి అడిగినప్పుడు, "పాత రోజుల గురించి రాయండి సార్" అన్నారు. పాత రోజుల గురించి రాసేవాళ్ళు మన సంచికలో ఏటా నలుగురైదుగురు ఉంటారు. మెస్సులో సాంబారు ఎంత పల్చగా ఉండేదో వాళ్ళు రాస్తారు. నేను హాస్టల్లో మేం ఆడిన ఒక వింత చదరంగం గురించి రాస్తాను. చివరికి అదీ పాత రోజుల్లోకే పోతుందనుకోండి, అది వేరే సంగతి.

చదరంగం ఆడని వాళ్ళు కూడా ఒక్క విషయం గమనించే ఉంటారు. ఆ ఆటలో దాపరికం లేదు. అరవై నాలుగు గడులూ, ముప్ఫై రెండు పావులూ ఇద్దరి కళ్ళముందే ఉంటాయి. ఎదుటివాడి మనసులో ఏముందో తెలియదేమోగాని, వాడి బలగం ఎక్కడుందో తెలుసు. పేకాట దీనికి పూర్తిగా ఎదురు. అక్కడ మన ముక్కలు మనకే తెలుసు. మధ్యలో జోకరు ఎవరి చేతిలో ఉందో అని ప్రాణం కొట్టుకుంటూ ఉంటుంది. అంతా బట్టబయలుగా ఉన్న ఆటలో, లెక్క వేసే శక్తే ఉంటే ఫలితం ముందే నిశ్చయమైపోయి ఉంటుందని జెర్మెలో అనే జర్మన్ గణితవేత్త 1913లోనే చూపించాడు. తెల్లవాడు తప్పక గెలవగలడు, లేదా నల్లవాడు తప్పక గెలవగలడు, కాదంటే ఇద్దరూ డ్రా చేసుకోగలరు. ఈ మూడింటిలో ఏదన్నది ఈనాటికీ తేలలేదు, కాబట్టే ఆడుతున్నాం.

మరి చదరంగానికి పేకాట గుట్టు తగిలిస్తే ఎలా ఉంటుంది?

ఈ పని 1899లో ఇంగ్లండులో హెన్రీ మైకేల్ టెంపుల్ అనే ఆయన చేశాడు. ప్రష్యా సైన్యంలో అధికారులకు శిక్షణ ఇవ్వడానికి బల్లమీద ఆడించే యుద్ధక్రీడ ఒకటి ఉండేది. దాని పేరునే తీసుకుని తన ఆటకు 'క్రీగ్‌ష్పీల్' అని పెట్టాడు. జర్మన్ భాషలో యుద్ధక్రీడ అనే అర్థం. ఇద్దరు ఆటగాళ్ళు, మూడు బోర్డులు, ఒక అంపైరు. ఆటగాళ్ళిద్దరూ ఒకరి బోర్డు ఒకరికి కనబడకుండా కూర్చుంటారు. ఎవరి బోర్డుమీద వారి పావులు మాత్రమే నిజం. ఎదుటివాడి పావులు ఊహించి పెట్టుకుంటే పెట్టుకోవచ్చు. అంపైరు బోర్డుమీద మాత్రం రెండు సైన్యాలూ ఉన్నవి ఉన్నట్టు ఉంటాయి.

ఎత్తు వేయబోయేవాడు తన ఎత్తు చూపిస్తాడు. అది చెల్లితే అంపైరు "సరే" అంటాడు. దారిలో అడ్డం ఉన్నా, రాజు చెక్‌లో పడుతున్నా "కుదరదు" అంటాడు. అప్పుడు ఇంకొకటి ప్రయత్నించాలి. పావు చనిపోతే ఏ గడిలో చనిపోయిందో చెబుతాడు గాని, ఏది చంపిందో చెప్పడు. రాజుకు చెక్ అయితే నిలువు వరసలోనా, అడ్డ వరసలోనా, పొడుగు మూలగీతమీదా, పొట్టి మూలగీతమీదా, గుర్రంతోనా అన్నంతవరకే చెబుతాడు. బంటు మూలగా కొట్టడానికి ఏమైనా దొరుకుతుందా అని ఆటగాడు అడగవచ్చు. "ఉంది" అని జవాబొస్తే కనీసం ఒక్కసారైనా బంటుతో కొట్టడానికి ప్రయత్నించి తీరాలి. అడిగి ఊరుకుంటానంటే కుదరదు.

ఇంతే నియమాలు. కాని ఆడి చూస్తే తెలుస్తుంది ఇందులోని మజా. "కుదరదు" అన్న మాట రెండువైపులా వినబడుతుంది. నేను శకటును (కొందరు ఒంటె అంటారు) మూలగా ఈ చివరినుంచి ఆ చివరికి పంపబోతే "కుదరదు" అన్నాడనుకోండి. మధ్యలో ఏదో ఉందని నాకు తెలిసింది. తెర అవతలివాడికి మాత్రం నేను ఏదో వెతుకుతున్నానని తెలిసింది. కాబట్టి కుదరదని తెలిసీ ఒక ఎత్తు చూపించి, అవతలివాణ్ణి తికమకపెట్టే జిత్తులమారులూ ఉంటారు. మామూలు చదరంగంలో అబద్ధం ఆడటానికి వీలు లేదు. ఇక్కడ నోరు మెదపకుండానే ఆడవచ్చు.

దీన్ని పనిలేనివాళ్ళ ఆట అనుకునేరు. 1940ల చివర్లో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో గణితవిద్యార్థులు సాయంత్రం టీ వేళ కూర్చుని దీన్నే ఆడేవారు. తరువాత నోబెల్ బహుమతి పొందిన జాన్ నాష్ వారిలో ఒకడు. ఎదుటివాడి గుట్టు తెలియనప్పుడు ఎలా నిర్ణయించుకోవాలి అన్న ప్రశ్నమీదే ఆ కుర్రవాళ్ళలో కొందరు జీవితాలు ధారపోశారు. ఒంటరి రాజు ఎక్కడున్నాడో కనబడకపోయినా, రాజూ ఏనుగూ ఉన్నవాడు చివరకు వాణ్ణి పట్టి ఆట కట్టించవచ్చని జిమ్ బాయిస్ 1981లో అచ్చయిన వ్యాసంలో పద్ధతితో సహా చూపించాడు. చీకటి గదిలో చీపురుతో బొద్దింకను మూలకు తోసినట్టు ఉంటుంది ఆ పద్ధతి.

ఇది గుట్టు సంగతి. ఇక ఖైదీ సంగతి.

జపాన్ వాళ్ళ చదరంగం పేరు షోగి. అది తొమ్మిది తొమ్మిదుల బోర్డు, ఒక్కొక్కరికి ఇరవై పావులు. మన చతురంగానికి అది దూరపు మనుమడే. దాయాదులందరిలోనూ దానికొక్కదానికే ఉన్న గొప్ప విశేషం, చంపిన పావు చావదు. పట్టుకున్నవాడి చేతిలోకి వెళుతుంది. తన వంతు వచ్చినప్పుడు ఎత్తు వేయడానికి బదులు, ఆ పావును తన సైనికుడిగా ఖాళీ గడిలో దింపుకోవచ్చు. అందుకే షోగి పావులకు తెలుపు నలుపు తేడా లేదు. అన్నీ ఒకే రంగు చెక్క బిళ్ళలు. ఒకవైపు మొన ఉంటుంది. మొన ఎవరివైపు తిరిగి ఉంటే వాడికి శత్రువు. తిప్పి పెడితే మనవాడు!

దింపడానికి హద్దులున్నాయి. ఒకే నిలువు వరసలో తన మామూలు బంట్లు రెండు ఉండకూడదు. తరువాత కదలడానికి దారిలేని గడిలో దింపకూడదు. బంటును దింపి ఆ దెబ్బతోనే ఆట కట్టించకూడదు. ఈ చివరి నియమం నాకు భలే ఇష్టం. ఉన్న బంటును ముందుకు జరిపి రాజును పట్టవచ్చు, కొత్తగా దింపి మాత్రం పట్టకూడదు. ఎందుకంటే చెప్పలేను, మర్యాద అంతే.

రెండవ ప్రపంచయుద్ధం తరువాత జపాన్‌ను అమెరికా సైన్యం పాలిస్తున్న రోజుల్లో, ఖైదీలను తమ సైన్యంలో చేర్చుకుని వాడుకునే ఈ ఆట మంచిది కాదేమో అని అక్కడి అధికారులకు అనుమానం వచ్చిందట. కోజో మసుదా అనే పెద్ద ఆటగాణ్ణి పిలిపించి అడిగారట. మీ చదరంగంలో ఖైదీలను చంపేస్తారు, మా ఆటలో వాళ్ళకు పని ఇస్తాం, పైగా మీ ఆటలో రాజు తప్పించుకోవడానికి ఆడదాన్ని బలిపెడతాడు అని ఆయన ఎదురు తిరిగాడట. ఇది మసుదా చెప్పుకున్న కథ. కొంత పోపు తగిలించి ఉంటాడు, అయినా వినసొంపుగా ఉంటుంది.

ఈ ఒక్క మార్పుతో ఆట స్వభావమే మారిపోతుంది. మన చదరంగం ముదిరేకొద్దీ బోర్డు పల్చబడుతుంది. చివరికి ఇద్దరు రాజులూ రెండు బంట్లూ మిగిలి డ్రా అవుతుంది. షోగిలో నలభై పావులూ చివరిదాకా ఆటలోనే ఉంటాయి. ముదిరేకొద్దీ చిక్కబడుతుంది. నా చేతిలో ఒక గుర్రం ఉండి, బోర్డుమీద నలభైకి పైగా గడులు ఖాళీగా ఉంటే, అదొక్కటే దాదాపు నలభై కొత్త ఎత్తులు! యంత్రాలకూ ఇది కొరుకుడుపడటానికి టైం పట్టింది. 1997లో డీప్ బ్లూ చదరంగంలో కాస్పరోవ్‌ను ఓడిస్తే, షోగిలో అప్పటి మేజిన్ బిరుదుదారు అమహికో సతోను పొనంజా అనే ప్రోగ్రాం ఓడించింది 2017లో. ఇరవై ఏళ్ళ తేడా.

మన చదరంగానికే ఈ ఖైదీల పద్ధతి తగిలిస్తే దాన్ని క్రేజీహౌస్ అంటారు. బంట్లను మొదటి వరసలోను, చివరి వరసలోను దింపకూడదు. మంత్రిగా మారిన బంటును పట్టుకుంటే మళ్ళీ బంటుగానే చేతికి వస్తుంది. పదవి పోయాక మామూలు మనిషేగా! నలుగురు రెండు బోర్డులమీద జట్లుగా ఆడి, పట్టిన పావును పక్కనున్న జతగాడికి అందించే పద్ధతీ ఉంది. దాని పేరు బగ్‌హౌస్. అది ఆట కన్నా సంత అనాలి.

జపాన్‌వాళ్ళు గుట్టునూ ఖైదీనీ కలిపి మధ్యలో తెరపెట్టి ఆడతారు. దాన్ని త్సుఇతతే షోగి, అంటే తెర షోగి అంటారు. కుదరని ఎత్తులు తొమ్మిది అయ్యాయంటే ఓడినట్టే. కాబట్టి ఊరికే తడుముకోవడానికి వీల్లేదు.

ఇదంతా మాకెలా తెలిసిందంటే, క్రీగ్‌ష్పీల్ మన లైబ్రరీలోని అట్టలూడిన ఒక చదరంగం పుస్తకంలో దొరికింది. షోగి సంగతి జపాన్‌లో ట్రైనింగ్ అయి వచ్చిన మా సీనియర్ ఒకాయన చెప్పాడు. "రెండూ కలిపితే ఎలా ఉంటుంది బావా?" అన్నాడు నా రూమ్మేట్. అంతే. డ్రాయింగ్ షీట్లమీద మూడు బోర్డులు గీశాం. పట్టిన తెల్ల గుర్రం నల్ల గుర్రంగా దిగాలి గనుక పావుల సెట్లు ఎన్నున్నా చాలేవి కావు. చివరకు సోడామూతలమీద కాగితం అంటించి బొమ్మలు వేసుకున్నాం. రెండు మంచాల మధ్య దుప్పటి కట్టాం. ఎవరైనా పావును దింపితే అంపైరు "దింపాడు" అనాలి, ఎక్కడన్నది చెప్పకూడదు, అని మేమే ఒక నియమం పెట్టుకున్నాం.

అబ్బ, ఆ "దింపాడు" అనే మాట! చెట్టుచాటునుంచి బాణం తగిలేముందు వాలికి ఆ మాటైనా వినబడలేదు. మాకు వినబడేది. అవతలివాడి చేతిలో ఏమేం ఉన్నాయో తెలుసు, ఎందుకంటే అవి మనం పోగొట్టుకున్నవే. అవి ఎక్కడ దిగాయో తెలియదు. మన గుర్రమే మన కోటలో ఎక్కడో నిలబడి ఉంది.

ఆ ఏడు మా బ్లాకులో ఎనిమిదిమందిమి పోటీ పెట్టుకున్నాం. ఫైనల్లో లెక్కల ఎమ్మెస్సీ సీనియరు తెల్లవైపు, నా రూమ్మేట్ నల్లవైపు. నేను అంపైరును.

నా రూమ్మేట్ రాజు జి8 గడిలో ఉన్నాడు. పక్కన ఎఫ్7లో ఏనుగు, ముందు జి7, హెచ్7లలో బంట్లు. సీనియరు చేతిలో ఒక గుర్రం, ఒక మంత్రి ఉన్నాయి. అతను గుర్రాన్ని జి6లో దింపాడు. నేను "దింపాడు" అన్నాను. మావాడు తెలివైనవాడు. వెంటనే "బంటుకు ఏమైనా ఉందా?" అని అడిగాడు. నేను బోర్డు చూశాను. అవతల మంత్రివైపు బంట్లన్నీ జాగ్రత్తగా వెతికాను. "లేదు" అన్నాను. వాడు ఊపిరి పీల్చుకుని ఆ మూలనున్న శకటును కదిపాడు. ఆ శకటును నా బోర్డుమీద జరుపుతున్నప్పుడు చూశాను. హెచ్7 బంటుకు మూలగా జి6లో ఆ గుర్రం నిలబడి ఉంది. ఉంది. నేను లేదన్నాను.

ఇప్పుడు ఏం చెయ్యాలి? "ఆగండి, తప్పు చెప్పాను" అంటే గుర్రం ఎక్కడ దిగిందో మావాడికి ఆ మాటతోనే తెలిసిపోతుంది. సీనియరు ఊరుకోడు. చెప్పకపోతే మావాడు నా అబద్ధాన్ని నమ్ముకుని ఉన్నాడు. మామూలు చదరంగంలో అంపైరు తప్పు సరిదిద్దవచ్చు, అందరూ చూస్తున్నదే కాబట్టి. ఇక్కడ నిజం చెప్పడం కూడా ఒకరి పక్షం వహించడమే అవుతుంది. సీనియరు ఐదు నిమిషాలు ఆలోచించాడు. ఆ ఐదు నిమిషాలూ నేను నోరు విప్పలేదు. అతను మంత్రిని హెచ్8లో దింపాడు. రాజు దాన్ని కొట్టలేడు, గుర్రం కాపలా ఉంది. ఎఫ్8కి పోలేడు, అదీ గుర్రం దెబ్బలోనే ఉంది. ఎఫ్7లో వాడి ఏనుగే అడ్డం. ఆట కట్టు.

దుప్పటి తీసి మూడు బోర్డులూ పక్కపక్కన పెట్టి చూసుకోవడం మా ఆనవాయితీ. అందరూ నవ్వుతున్నారు. మావాడు నా బోర్డువైపు చూసి, "ఈ గుర్రం ఎప్పుడు దిగింది?" అన్నాడు. చెప్పాను. వాడి మొహంలో లెక్క పూర్తికావడం చూశాను. "అప్పుడే కదరా నేను ఉందా అని అడిగింది" అన్నాడు. నాకు మాట రాలేదు. సీనియరు మంచివాడు, మళ్ళీ ఆడదామన్నాడు. మావాడు వద్దన్నాడు.

రాత్రి లైటు ఆర్పాక అన్నాడు. "ఓడిపోయినందుకు కాదురా. నువ్వు లేదనగానే జి6ను నా మనసులోంచి తుడిచేశాను. అక్కడ ఉండదుగాక ఉండదని లెక్క వేశాను. సీనియర్ని అనుమానించాను, నన్ను నేను అనుమానించుకున్నాను. నిన్ను మాత్రం అనుమానించలేదు." ఆ ఐదు నిమిషాల సంగతి అప్పుడు చెప్పాను. వాడు చాలాసేపు పలకలేదు. పొద్దున మాత్రం టిఫిన్‌కు పిలిచాడు.

తరువాత ఇద్దరు అంపైర్లను పెట్టుకున్నాం. "లేదు" అనేముందు ఇద్దరూ విడివిడిగా చూసి తల ఊపాలి. తప్పు జరిగిందని ఇద్దరిలో ఎవరికి తోచినా, ఏం తప్పో చెప్పకుండా "రెండెత్తులు వెనక్కి" అనాలి. ఈ మాటతోనూ కొంత గుట్టు బయటపడుతుంది, తప్పదు. ఇప్పుడు కంప్యూటరు అంపైరు ఉంది కాబట్టి ఈ బాధ లేదు. అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం ప్రయోగశాలవారు తయారుచేసిన గుట్టు చదరంగంలో, ప్రతి ఎత్తుకూ ముందు మూడు మూడుల చతురస్రం ఒకటి ఎంచుకుని అక్కడ ఏముందో తొంగి చూడవచ్చు. 2019లో యంత్రాలకు దానిలో పోటీ కూడా పెట్టారు.

ఆడదలచిన తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక మాట. మొదట ఖైదీలు లేకుండా ఉత్త క్రీగ్‌ష్పీల్ ఆడండి. పది ఆటలయ్యాక దింపడం మొదలుపెట్టండి. మూడు బోర్డులు, నాలుగు సెట్లు, ఒక ముదురు రంగు దుప్పటి చాలు. సోడామూతలు ఇప్పుడు దొరకడం కష్టం, అట్టముక్కలు వాడుకోండి. నా రూమ్మేట్ రిటైరై ఈ ఊళ్ళోనే ఉన్నాడు. ఆటగాడుగా పిలిస్తే వస్తాడు. నన్ను పిలిస్తే నేనూ వస్తాను, రెండో అంపైరు ఉంటేనే.