నీటికి లెక్క

నల్లమల చెంతనున్న మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలలో వర్షపాతం స్వల్పం. అనేక గ్రామాలలో సేద్యానికి బోరుబావియే ఆధారం. భూగర్భంలో నీరెంతో తెలియక, ఒకరిని చూచి మరొకరు బోర్లు వేయించి అప్పులపాలైన రైతులెందరో!

ఈ దుస్థితికి సమాచారమే విరుగుడని స్వచ్ఛంద సంస్థలు గుర్తించాయి. 2003లో నెదర్లాండ్స్ ఆర్థిక సహాయంతో ఆరంభమైన రైతుల భూగర్భ జల యాజమాన్య పథకాన్ని అవి ఏడు కరవు జిల్లాలలో అమలుపరచాయి. వాటిలో ప్రకాశం ఒకటి. తరువాతి దశలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పడింది.

రైతులే వర్షమాపకాన్ని పరిశీలించారు. బావులలో నీటిమట్టాన్ని కొలిచారు. ఆ అంకెలను అందరికీ కనబడేటట్లు ఊరిలో ప్రదర్శించారు. రబీకి ముందు సమావేశమై, ఉన్న నీటిని పైర్లకు కావలసిన నీటితో సరిపోల్చారు. ఇదే 'పంటల నీటి బడ్జెట్'. లోటు తేలితే వరిని తగ్గించి ఆరుతడి పంటలు వేసుకోవచ్చు. ఇందులో నిర్బంధం లేదు, నిర్ణయం రైతుదే.

అయితే ఒకరు పొదుపు చేసిన నీటిని పక్కబోరు తోడివేస్తే ఫలితం శూన్యం. కనుకనే ఆ లెక్క ఒక్కరి పుస్తకంలో దాగక ఊరందరిదీ కావలసి వచ్చింది. సమాచారాన్ని సేకరించడమే గాక, దానిపై బ్రతుకు ఆధారపడినవారికి అర్థమయ్యేటట్లు అందించడం సేవాసంస్థల కర్తవ్యమని ఈ ప్రయత్నం తెలియజేస్తున్నది.