కనుమ నాటి ముదురు ముక్క మెత్తబడేదెలా?

కనుమ నాడు తెల్లవారకముందే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో చెట్ల కింద తాటాకులు పరుస్తారు. పదిమందో, పాతికమందో తలా కొంత వేసుకుని కొన్న మేకపోతు అక్కడ వాటాలవుతుంది. తొడ, జబ్బ, మెడ, పక్కటెముకలు, కార్జం అన్నింట్లోంచీ కాస్త కాస్త తీసి ఆకుల మీద కుప్పలు పెడతారు. ఎవరి కుప్ప వారు గిన్నెలో వేసుకుని ఇంటికి పోతారు. ఎవరికీ ఎక్కువ తక్కువలు రాకూడదని పెద్దలు పెట్టిన పద్ధతి అది. పద్ధతి మంచిదే. వంట దగ్గరకు వచ్చేసరికి మాత్రం చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

ఒకే కుప్పలో అరగంటకు ఉడికే ముక్కా ఉంటుంది, రెండు గంటలైనా లొంగని ముక్కా ఉంటుంది. అన్నీ ఒకే దాకలో పడతాయి. ముదురు ముక్క ఉడికేదాకా ఉంచితే లేతది పీచుపీచవుతుంది. లేతది చూసి దించేస్తే ముదురుది రబ్బరు ముక్కలా సాగుతుంది.

ఇది చిన్న సంగతిలా కనిపిస్తుంది గాని, ఏడాదికి నాలుగైదుసార్లే నంజుడు కూర వండుకునే ఇంట్లో చిన్నది కాదు. కొత్త అల్లుడు ముక్క నములుతూ మాట్లాడకుండా కూర్చుంటే అత్తగారి మొహం చిన్నబోతుంది. పళ్ళు రాలిపోయిన ముసలమ్మ ముక్కలన్నీ మనవడి విస్తట్లోకి జరిపేసి, పులుసు కలుపుకుని లేచిపోతుంది. ఆకలి లేదని అంటుంది. మాట పడేది మాత్రం పొయ్యి దగ్గర ఉన్న కోడలు. నిజానికి ఆమె చేతిలో లోపం ఉండదు. పొయ్యి వెలిగించకముందే సగం సంగతి తేలిపోయి ఉంటుంది.

కోసిన వేళ

వేట తెగిన వెంటనే మాంసం మెత్తగా ఉంటుంది. కొన్ని గంటలు గడిచేసరికి కండలన్నీ బిగుసుకుంటాయి. ఆ బిగువు సడలడానికి చల్లని చోట దాదాపు ఒక రోజు పడుతుంది. కనుమ నాడు జరిగేదేమిటి? తెల్లవారుజామున కోస్తారు, పొద్దెక్కాక పంచుతారు, మధ్యాహ్నం భోజనాలకు పొయ్యి మీద పెడతారు. అంటే సరిగ్గా మాంసం బిగుసుకున్న వేళకే అది దాకలో పడుతుంది. పైడితల్లి అమ్మవారి పండక్కి విజయనగరం వైపు చుట్టాలు దిగినప్పుడూ ఇదే వరస.

కాబట్టి కోసిన గంటలోపే వండాలి, లేదా మర్నాటికి ఉంచాలి. ఉంచడానికి ఫ్రిజ్ ఉండాలి. గిన్నెకు మూత పెట్టి ఫ్రిజ్ కింది అరలో ఒక రాత్రి ఉంచితే ముక్కలో తేడా చేతికే తెలుస్తుంది. ఇంకా వెచ్చగా ఉన్న మాంసాన్ని తిన్నగా మంచుగడ్డ కట్టే పై అరలో పెట్టడం మాత్రం పొరపాటు. చలికి కండ ఒక్కసారిగా ముడుచుకుని ఇంకా గట్టిపడుతుంది. ఫ్రిజ్ లేని ఇంట్లో మాంసాన్ని బయట ఉంచకూడదు. ఆ ఇళ్ళకు పనికొచ్చే ఉపాయాలు వేరే ఉన్నాయి.

పళ్ళు చూసి బేరం

వాటా కోసం పోతును బేరమాడేటప్పుడు అందరూ బరువే చూస్తారు. నోరు తెరిచి పళ్ళు చూసేవారు తక్కువ. కింది దవడ ముందు అన్నీ పాలపళ్ళే ఉంటే అది ఏడాది లోపుది. రెండు పెద్ద పళ్ళు వచ్చి ఉంటే ఏడాది నుంచి ఏడాదిన్నర. నాలుగుంటే రెండేళ్ళ దగ్గర, ఆరుంటే మూడేళ్ళ దగ్గర, ఎనిమిదీ నిండితే నాలుగేళ్ళు దాటినట్టు లెక్క. రెండు పళ్ళ పోతు వరకు కూరకు ఢోకా లేదు. ఎనిమిది పళ్ళదాన్ని కొంటే బరువు బాగానే తూగుతుంది, కట్టెలూ అంతే తింటుంది. కోసిన మాంసమే కొనేవారు రంగు చూసుకోవాలి. లేతది గులాబీ రంగులో ఉంటుంది, ముదిరేకొద్దీ ముదురెరుపు తిరుగుతుంది.

వాటా ఇంటికి రాగానే చేయవలసిన మొదటి పని దాన్ని రెండుగా విడదీయడం. పిక్కలు, మెడ, జబ్బ ఒక వైపు. నడుం ముక్కలు, పక్కటెముకలు, తొడలోని మెత్తని కండ మరో వైపు. మొదటి రకంలో తెల్లని పొరలు, నరాలు ఎక్కువ. అవి బొప్పాయికీ పెరుగుకూ లొంగేవి కావు. నీళ్ళు పోసి, మూత పెట్టి, సన్నని సెగ మీద గంటన్నర, రెండు గంటలు ఉడికిస్తేనే ఆ పొరలు కరిగి జిగురవుతాయి. కుక్కరయితే ఆవిరి పట్టాక ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు సన్నని మంట మీద ఉంచితే చాలు. రెండో రకాన్ని అంతసేపు ఉడికించడం దండగ. కార్జం సంగతి ఇంకా వేరు. దాన్ని ఎంత ఉడికిస్తే అంత గట్టిపడుతుంది. అందుకే చివర్లో వేయాలి.

ఇక కోత. మాంసం ముక్కను పరికించి చూస్తే దారపు పోగుల్లాంటి గీతలు ఒకే వైపు సాగి కనిపిస్తాయి. కత్తి ఆ పోగులకు అడ్డంగా దిగాలి. పొడవునా కోస్తే నమలవలసిన పోగు పొడవుగా మిగులుతుంది. అడ్డంగా కోస్తే కత్తిపీటే సగం నమిలిపెట్టినట్టు. దీనికి పైసా ఖర్చు లేదు, అయినా పట్టించుకునేవారు కొద్దిమందే.

దొడ్లోని బొప్పాయి

పచ్చి బొప్పాయి వేస్తే మాంసం ఇట్టే ఉడుకుతుందని ఇక్కడి ఆడవాళ్ళలో తెలియనివారు లేరు. ఇది తాతల నాటి కిటుకని కూడా అంటారు. అయితే బొప్పాయి మన నేల చెట్టు కాదు. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువారి ఓడల్లో పదహారో శతాబ్దంలో మన దేశానికి చేరింది. అక్కడివాళ్ళు ముదురు మాంసాన్ని బొప్పాయి ఆకుల్లో చుట్టి ఉంచేవారు. చెట్టుతో పాటు కిటుకూ సముద్రం దాటిందో, ఇక్కడివాళ్ళే కనిపెట్టుకున్నారో గాని దొడ్డిదొడ్డికీ పాకింది.

పనిచేసేది కాయలోని తెల్లని పాలు. అందులో పపైన్ అనే ఎంజైము ఉంది. మాంసకృత్తులను అది చిన్న చిన్న తునకలుగా తెంపుతుంది. పాలు తొక్కలో ఎక్కువ కాబట్టి కాయను కడిగి తొక్కతోనే నూరాలి. పండిన బొప్పాయిలో ఆ పాలు దాదాపు ఉండవు, దానివల్ల ప్రయోజనం లేదు. కిలో మాంసానికి రెండు పెద్ద చెంచాల ముద్ద సరిపోతుంది, గంట నుంచి రెండు గంటలు నానితే చాలు. మంచిదే కదా అని అరకాయ నూరి రాత్రంతా ఉంచితే ముక్క లోపల గట్టిగా ఉండి పైన పిండిలా రాలుతుంది. చాలామంది బొప్పాయిని తిట్టుకునేది ఈ అతి వల్లే.

పపైన్ ఎక్కువ పని చేసేది నానేటప్పుడు కాదు, పొయ్యి మీద ముక్క వేడెక్కుతున్నప్పుడు. నీళ్ళు మరిగే వేడికి అది చచ్చిపోతుంది. అందుచేత మొదటి పావుగంట మంట తగ్గించి ఉంచితే, వేసిన బొప్పాయికి ఫలితం దక్కుతుంది.

అల్లానికీ ఈ గుణం ఉంది. ఉత్తరప్రదేశ్‌లోని ఇజ్జత్‌నగర్‌లో ఉన్న భారత పశువైద్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ముదురు గేదె మాంసాన్ని అల్లం రసంలోను, పపైన్‌లోను, ఒక రకం అడవి దోసకాయ పొడిలోను విడివిడిగా నానబెట్టి చూశారు. ఫలితాలు 2004లో వెలువడ్డాయి. మూడూ మెత్తబరిచాయి. రుచి చూసినవారు ఎక్కువ మార్కులు వేసింది అల్లానికే. కూరలో అల్లం వాసన కోసమే వేస్తామనుకునేవారు ఆ ముద్దను దాకలో కాక, గంట ముందే పచ్చి ముక్కలకు పట్టించి చూడాలి. 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్న సీతంపేట కొండల్లో సవరలు పండించే అనాసకూ ఇదే శక్తి, బొప్పాయి కంటే దూకుడుగా. అరగంట దాటనివ్వకూడదు.

పెరుగు చేసే పని కొద్దిపాటిదే. పైపైన కాస్త మెత్తబరిచి, కారం, మసాలా ముక్కకు అంటుకునేలా పట్టి ఉంచుతుంది. పుల్లగా ఉంటే ఇంకా మేలని పుల్లటి పెరుగు ఎక్కువగా పోస్తే ముక్క పైభాగం బిగుస్తుంది. ఉప్పును మాత్రం ముందే వేయాలి. ఉప్పు వేస్తే ముక్క ఉడకదన్న మాట చాలా ఇళ్ళలో వినిపిస్తుంది. గంట ముందు ఉప్పు పట్టించిన ముక్క తన నీరు తాను దాచుకుంటుంది. ఉడికాక పొడిబారదు.

పెనం మీద పలక

పై దేశాలవాళ్ళు స్టేక్ అని తినేది మందపాటి మాంసపు పలక. దాన్ని పెనం మీదో నిప్పుల మీదో కాలుస్తారు. దీనికి దగ్గరి చుట్టం మన దగ్గరే ఉంది. హైదరాబాదులో పత్తర్ కా గోష్త్ అంటారు. పచ్చి బొప్పాయిలో నానిన పలుచని మాంసపు పలకలను నిప్పుల మీద కాగిన నల్లరాతి బండ మీద కాలుస్తారు. అరకులోయలో పచ్చి వెదురు బొంగులో కోడి మాంసం కూరి నిప్పుల్లో ఉడికించేది మరో దారి. బొంగులోని చెమ్మే అక్కడ ముక్కను కాపాడుతుంది.

ఇంట్లో చేసుకోవాలంటే తొడ కండ అరకిలో తీసుకోవాలి. పోగులకు అడ్డంగా అంగుళం మందాన పలకలు కోయాలి. వాటిని రోకలి బండతో మెల్లగా కొట్టి అర అంగుళానికి తేవాలి. కొడితే కసి తీరడమే కాదు, మసాలా లోపలికి దిగుతుంది. బొప్పాయి ముద్ద పని పై పొర వరకే గనుక ఇది తప్పదు. ఒక టీ చెంచా ఉప్పు, ఒక పెద్ద చెంచా పచ్చి బొప్పాయి ముద్ద, అంతే అల్లం వెల్లుల్లి ముద్ద, ఒక టీ చెంచా మిరియాల గుండ, రెండు పెద్ద చెంచాల గట్టి పెరుగు కలిపి పలకలకు పట్టించి గంటన్నర ఉంచాలి. ఎండాకాలమైతే ఫ్రిజ్‌లో ఉంచాలి, లేకపోతే అరగంటతో సరిపెట్టుకోవాలి. వేడిలో నానుతున్న మాంసం తొందరగా పాడవుతుంది.

కాల్చేముందు పైనున్న ముద్దను చేత్తో తుడిచెయ్యాలి. తడి ముద్దతో పెనం మీద వేస్తే ముక్క వేగదు, ఉడుకుతుంది. ఇనప పెనం నీటిచుక్క గెంతేటంత కాగాక నువ్వుల నూనె వేసి, ఒక్కో వైపు రెండు మూడు నిమిషాలు కదపకుండా ఎర్రగా కాలనివ్వాలి. ఆ తర్వాత మంట తగ్గించి, గరిటెడు నీళ్ళు చిలకరించి, మూత పెట్టి పది నిమిషాలు మగ్గించాలి. పై దేశాలవాళ్ళు లోపల ఎర్రగా ఉండగానే తింటారు. ఇక్కడ ఆ సరదా వద్దు, నడిమధ్య వరకు ఉడకాలి. దించాక అయిదు నిమిషాలు ఆగి కోస్తే రసం ముక్కలోనే ఉంటుంది. రాతి మీద కాల్చాలనుకునేవారు గెడ్డలోంచి తెచ్చిన తడి రాయిని నిప్పుల మీద పెట్టకూడదు. లోపలి తేమ ఆవిరై రాయి పగిలి పెచ్చులు మొహాన కొట్టవచ్చు.

ఒక మాంసాన్ని మాత్రం ఏ బొప్పాయీ బాగు చెయ్యలేదు. జబ్బు చేసి, తనంత తాను చచ్చిన మేకది. 2016లో విశాఖ మన్యంలో చచ్చిన మేకల మాంసం ముట్టుకుని, వండుకుని తిన్న గిరిజనులకు ఆంత్రాక్స్ సోకింది. చేతులపై నల్లని పుండ్లతో ఆసుపత్రికి చేరారు. ఆ క్రిమి గింజలు మామూలు ఉడుకుకు చావవు. ఎంత చవగ్గా వచ్చినా, ఊరికే ఇస్తామన్నా ఆ వాటా తీసుకోకూడదు. మేక చచ్చినచోట కోయకుండా పశువైద్యుడికి కబురు పెట్టి, చెప్పినట్టు లోతుగా పూడ్చాలి.

పిక్కలు, మెడ ముక్కలు సరిగ్గా ఉడికాయో లేదో ముక్కనుమ నాడు పొద్దున్న తెలుస్తుంది. రాత్రి మిగిలిన కూరను బాగా మరగనిచ్చి మూత పెట్టి చల్లని చోట ఉంచితే, పుష్యమాసపు చలికి పులుసు చిక్కబడి గరిటెకు అంటుకుంటుంది. నరాలు, పొరలు కరిగి దిగిన జిగురు అది. మళ్ళీ ఒకసారి మరగబెట్టి చోడి అంబలితో వడ్డిస్తే, పళ్ళు లేని ముసలమ్మ కూడా ముక్క అడుగుతుంది.