ఇసుకగుంటలో చీమలను బట్టు పురుగు, దాని బంధువర్గము

అమరావతి చెంత కృష్ణయొడ్డు ఇసుకలోను, పశువులకొట్టపు చూరుక్రింది పొడిదుమ్ములోను గరాటువంటి చిన్న గుంటలు రైతు లెల్లరు నెఱిగినవే. వాని యడుగున దాగి చీమలను బట్టు పురుగు పెరిగి, ఇసుకగూటిలో రూపుమారి, తూనీగవలె నాలుగు పొడవు రెక్కలతో వెలువడును. ఈ పోలికవలననే కాబోలు, 1767లో లిన్నేయసు పండితుడు రెంటిని నొక్కవర్గమున జేర్చెను. తరువాతివారు విడదీసిరి. ఏలయన తూనీగపిల్ల నీటిలో పెరుగును, దానికి గూటిదశ లేదు. తూనీగ మీసములు వెండ్రుకవలె పొట్టివి, దీని మీసముల కొనలు లావు.

గుంటపురుగువలన పైరునకు నష్టము లేదు. అయితే దాని వర్గమగు న్యూరోప్టెరా, అనగా నరములరెక్కల వర్గమునందే, ప్రత్తిచేలలోని పచ్చని అల్లికరెక్కల పురుగు చేరియున్నది. దీని పిల్లకును కొడవలివంటి బోలుకోరలే గలవు. వానితో గ్రుచ్చి పేనుబంకను పీల్చివేయును. చూచుటకు వికారముగ నుండును గాని చేనికి మేలుచేయునది.

దీని గ్రుడ్లు ఆకుపై సన్నని కాడల కొనలయందు నిలిచియుండును. వీనిని బూజని భ్రమించి మందు చల్లరాదు. పలు పురుగుమందులు ఈ పిల్లలనుగూడ చంపును. పిమ్మట మిగిలిన పేనుబంక అడ్డులేక పెరుగును. కావున మందు కలుపుటకు ముందు చేనిలో పలుచోట్ల ఆకులు త్రిప్పి, పేనుబంకతోబాటు ఈ కాడల గ్రుడ్లును, పిల్లలును ఎన్ని యున్నవో చూడవలెను.