పోపులపెట్టె - కెమేరా సంచి

ఫొటో తీయడమంటే బొత్తాము నొక్కడమేనని చాలమంది అభిప్రాయం. నొక్కడానికి ముందు చేయవలసిన పని ఇంకొకటి ఉన్నది. అది ముందురోజు రాత్రి ఇంటివద్ద, దీపం కింద చాప పరచుకొని, నింపాదిగా చేయవలసిన పని. సంచి సర్దుకోవడమన్న మాట. ఇంత చిన్న విషయానికి ఒక వ్యాసమా అని పాఠకులు నవ్వవచ్చును. ఆ చిన్న పని చేయక మేము పోగొట్టుకొన్నదేమిటో ముందు మనవి చేస్తాము.

బరంపురంలో రెండేండ్లకొకసారి చైత్రమాసంలో బుఢీ ఠాకురాణీ అమ్మవారి జాతర జరుగుతుంది. ఆ రోజులలో రాత్రివేళ అమ్మవారి ఘటాలు వీధుల వెంబడి వస్తాయి. ముందు డప్పులు, చుట్టూ పులివేషాలు, ఇసుక వేస్తే రాలని జనం. 2023 జాతరలో ఒకనాటి రాత్రి ఘటం మా వీధికి వచ్చే వేళయినది. మా పెద్దత్తయ్యకు అప్పటికి ఎనభై దాటినవి. పాత బరంపురం పట్టుచీర కట్టుకొని, పసుపునీళ్ల చెంబు చేతబట్టుకొని, గడపలో నిలబడ్డారు. ఆ బొమ్మ తీయాలనే మేము కెమేరా తెచ్చుకొన్నాము.

ఎత్తి చూచేసరికి బ్యాటరీ అయిపోయినది. సంచిలో మరి మూడున్నవి. చేయి పెట్టగా మొదట దొరికినది ఖాళీది. రెండవదీ ఖాళీదే. మూడవది చార్జరు తీగలో చుట్టుకొని అడుగున ఎక్కడో ఉన్నది. సెల్‌ఫోను లేదా అంటారేమో, అదీ ఆ అడుగుననే ఉన్నది! తీగ విడదీసి తల ఎత్తేసరికి ఘటం మలుపు తిరిగిపోయినది. అత్తయ్య చెంబు ఖాళీ అయినది.

"ఏటిరా నాన్నా, అంత వెతుకులాట? మా పోపులపెట్టె నయం కదా. కరెంటు పోయినా ఆవాలు ఆవాలే చేతికొస్తాయి" అని నవ్వారు.

2025లో జాతర మళ్లీ వచ్చినది. అత్తయ్య లేరు. పోపులపెట్టె మాట మాత్రం మిగిలినది. సంచి సర్దడంలో మేము నేర్చుకొన్నదంతా ఆ ఒక్క మాటలోనే ఉన్నది.

మా నాయనగారి కాలంలో ఈ చిక్కు లేదు. ఆయనది ఆగ్ఫా క్లిక్ త్రీ కెమేరా. దానికొక తోలు తొడుగు, జేబులో ఒక అదనపు రీలు, అంతే సరంజామా. రీలుకు పన్నెండు చదరపు బొమ్మలు వచ్చేవి. అయిపోయిన రీలును చుట్టి కాగితపు పట్టీ అంటిస్తే, వాడినదని ఆ పట్టీయే చెప్పేది. కొత్త రీలుకూ వాడిన రీలుకూ పొరపాటు పడడానికి వీలు లేదు. ఈనాటి బ్యాటరీ నిండినా ఖాళీ అయినా ఒక్క తీరుగానే కనిపిస్తుంది. కార్డు కూడా అంతే. వాటి బదులు మనమే గుర్తు పెట్టుకోవాలి.

కనుక మొదటి నియమం, వాడినదీ వాడనిదీ కలియరాదు. నిండిన బ్యాటరీకి ఒక రబ్బరు బ్యాండు చుట్టండి. కెమేరాలోకి పోయేటప్పుడు బ్యాండు తీయక తప్పదు. ఖాళీ అయి బయటికి వచ్చినదానికి బ్యాండు ఉండదు. చీకటిలో వేలికే తెలిసిపోతుంది. కార్డులకు చిన్న డబ్బీ ఒకటి చాలు. ఖాళీవి పేరు పైకి, బొమ్మలు నిండినవి పేరు కిందికి పెట్టండి. ఎస్‌డీ కార్డు పక్కన ఉండే చిన్న మీటను కిందికి జరిపితే, మరచి అదే కార్డు మళ్లీ పెట్టినా కెమేరా దానిమీద కొత్త బొమ్మ వ్రాయదు.

విడి బ్యాటరీల విషయంలో మరొక జాగ్రత్త అవసరం. తాళంచెవులు, చిల్లర డబ్బులు ఉన్న అరలో వాటిని వేయరాదు. లోహం రెండు కొసలకూ తగిలితే వేడెక్కి నిప్పు అంటుకొనే ప్రమాదమున్నది. అందుచేతనే విమానంలో విడి లిథియం బ్యాటరీలను చేతిసంచిలో ఉంచుకోమంటారు, సామానులో వేయనీయరు. కొన్నప్పుడు వచ్చిన ప్లాస్టిక్ మూతలు పారవేయక వాటికే తొడగడం మంచిది.

రెండవ నియమం, ఒక్కొక్క వస్తువుకు ఒకటే చోటు. కెమేరా సంచులలో మెత్తని అడ్డుగోడలు ఉంటాయి. పీకి మనకు కావలసినచోట అంటించుకోవచ్చును. కెమేరాను నడిమి అరలో, లెన్సు కిందికీ పిడి పైకీ ఉండేట్టు పెట్టుకోవాలి. మూత తీయగానే పిడి చేతికి రావాలి. తక్కిన లెన్సులు తలా ఒక అరలో, రెండు వైపులా మూతలతో ఉండాలి. ఒకే అరలో రెండు వేస్తే నడకలో ఒకదానికొకటి తగిలి దెబ్బతింటాయి. వీపున వేసుకొనే సంచి అయితే బరువైనది వీపువైపు ఉండాలి. తీగలూ చార్జరూ విడిగా చిన్న గుడ్డసంచిలో వేసి ముడి వేయండి. మా పాపమంతా ఆ తీగదే గదా!

తుడిచే గుడ్డ, దుమ్ము ఊదే రబ్బరు బుడ్డి పక్క జేబులో ఉండాలి. ముందు దుమ్ము ఊదిన తరువాతనే గుడ్డ వాడాలి, లేకుంటే ఇసుకరేణువుతో అద్దాన్ని మనమే గీసినట్లవుతుంది. జాతరలో కుంకుమ, పసుపు గాలిలో తేలుతుంటాయి. గుంపులో లెన్సు మార్చవద్దు, సంచి జిప్పు తెరచి ఉంచవద్దు. ప్రసాదం, కొబ్బరిచిప్ప, మంచినీళ్ల సీసా ఎంత భక్తి ఉన్నా ఈ సంచిలోనికి రాకూడదు.

మూడవ నియమం, తీసుకొని వెళ్లేదానికన్న విడిచి వెళ్లేది ఎక్కువగా ఉండాలి. పోపులపెట్టెలో వంటింటి సరుకంతా ఉండదు, రోజూ చేయి పడేవి మాత్రమే ఉంటాయి. ఇంటి శుభకార్యానికి ఒక కెమేరా, ఒకటి రెండు లెన్సులు చాలు. రెండుసార్లు వెంటబెట్టుకొని వెళ్లి ఒక్కసారి కూడా బయటికి తీయని వస్తువు మూడవసారి ఇంటనే ఉండవలెను.

ఆఫీసులో కాగితాలకు జాబితా వ్రాసే అలవాటు మాకు ఇక్కడ కూడా పనికివచ్చినది. సంచిలో ఉన్న వస్తువుల పేర్లు ఒక చీటీమీద వ్రాసి మూత లోపల అంటించాము. బయలుదేరేటప్పుడొకసారి, తిరిగి వచ్చేటప్పుడొకసారి సరిచూచుకొంటే పెండ్లివారింట లెన్సు మూత మరచి రావడం ఉండదు.

సంచి ప్రయాణానికే గాని కాపురానికి కాదు. సముద్రపుగాలి తగిలే మన ఊళ్లలో వర్షాకాలమంతా కెమేరాను సంచిలోనే మూసి ఉంచితే లెన్సు అద్దంమీద సాలెగూడు వంటి బూజు పడుతుంది. అది అద్దంపై పూతను తినివేస్తుంది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికాజెల్ పొట్లాలతోబాటు ఉంచడం మేలు. నీలిరంగు గుళికలు గులాబిరంగుకు తిరిగితే తేమ నిండినదని గుర్తు. వేడి చేస్తే మళ్లీ పనికివస్తాయి, కాని అవి విషపదార్థం కనుక వంటపాత్రలో వేడి చేయరాదు. డబ్బాలో చిన్న తేమమాపకం వేసి, 40 నుంచి 50 శాతం మధ్య ఉండేట్టు చూసుకొంటే చాలు.

సెల్‌ఫోనుతోనే బొమ్మలు తీసేవారికి ఇదంతా ఎందుకంటారా? పవర్‌బ్యాంకు ఒకచోట, తీగ ఇంకొకచోట, ఫోను నిండా అక్కరలేని బొమ్మలు ఉంటే వారి పనీ ఇంతే.

2025 జాతరలో కూడా సరిగ్గా ఘటం వచ్చే వేళకు బ్యాటరీ అయిపోయినది. ఈసారి కళ్లు దించలేదు. చేయి కుడి జేబులోకి పోయినది, రబ్బరు బ్యాండు వేలికి తగిలినది, బ్యాటరీ మారినది. గడపలో మా వదినగారు అదే చెంబుతో పసుపునీళ్లు పోస్తున్నారు. బొమ్మ చక్కగా వచ్చినది. ఆల్బములో అంటించి, దాని పక్కన అంతే చోటు ఖాళీగా విడిచిపెట్టాము. అది అత్తయ్యది.

ఇంట పెద్దవారు ఉన్న పాఠకులు ఈ రాత్రికే తమ సంచి ఒకసారి విప్పి చూచుకోవలసినదని మా మనవి.