నెత్తురు తీయువాని బ్రతుకు

ఉదయము ఆఱు గంటలు కొట్టకముందే వాకిట మోటారుసైకిలు నిలిపి, భుజమున సంచి తగిలించుకొని, "ల్యాబునుంచి వచ్చానమ్మా, ఏమీ తినలేదు గదా?" యని యడుగు యువకుని ఎఱుగని గృహస్థుడు నేటి మన పట్టణములలో అరుదు. మధుమేహమో, థైరాయిడో, మూత్రపిండముల వ్యాధియో ఇంటికొకరినైనను పట్టుకొనియున్న కాలమిది. ఆతడు చేతికి పట్టీ బిగించి, వ్రేలితో సిరను వెదకి, రెండు మూడు నిమిషములలో పని ముగించుకొని వెడలిపోవును. సాయంకాలమునకు ఫలితముల కాగితము చేతికి వచ్చును. దానిపై సంస్థ పేరుండును, డాక్టరుగారి సంతకముండును, యంత్రము పేరును ఒక్కొక్కప్పు డుండును. నెత్తురు తీసినవాని పేరు మాత్రము తఱచుగా కానరాదు.

ఆంగ్లమున ఈ వృత్తివానికి ఫ్లెబాటమిస్టని పేరు. గ్రీకు మూలమును విడదీసి చూచినచో సిరను కోయువాడని యర్థము. మన సుశ్రుతాచార్యుడు సిరావ్యధమని పేర్కొన్నదియు ఈ కర్మనే. సుశ్రుతసంహిత శారీరస్థానమున సిరలు 700 అని లెక్కించి, వానిలో 98 సిరలకు శస్త్రము తగులరాదని నిషేధించినారు. శల్యతంత్రమున సగము చికిత్స సిరావ్యధమేయని దాని గౌరవమును చాటినారు. చేయి తప్పిన పోట్లు ఇరువది విధములని పేరుపేరున చెప్పినారు. అన్నింటికంటెను మెచ్చదగిన విషయము మఱొకటి కలదు: శిష్యుడు ఎంత శాస్త్రము చదివినను, మనుష్యునిపై చేయి వేయకముందు చచ్చిన పశువుల సిరలయందును, కలువ కాడలయందును పొడిచి పొడిచి చేయి సాధింపవలెనని విధించినారు. పుస్తకమొక్కటియే చాలదని ఆ ఋషి ఎఱుగును. నేడు రబ్బరు చేతిపై శిక్షణ యిచ్చెడు పాఠశాలలు ఆ కలువ కాడకు వారసులే.

అంతటి గౌరవముగల కర్మ కాలక్రమమున తక్కువవాని పనియైపోయినది. మన గ్రామములలో కురుపు కోయుట, నెత్తురు తీయుట మంగలివాని వంతు. పురుడు పోయుట అనేక తావులలో వాని యింటి యాడువారి వంతు. ప్రాణముమీదికి వచ్చినపుడు వానిని పిలిపించుటయు, గండము గడచిన పిదప వానిని వాకిటనే నిలుపుటయు మన సంఘమునకు అలవాటు. ఐరోపాలోను కథ వేఱు కాదు. ఇంగ్లండున మంగళ్లును శస్త్రవైద్యులును 1540లో ఒక్క సంఘముగా కూడిరి. 1745లో శస్త్రవైద్యులు తమ దారి తాము చూచుకొనిరి. కత్తితోపాటు మర్యాదను కూడ వారు పట్టుకొనిపోయిరి.

ఆ కాలపు రక్తమోక్షణమునకును నేటి పనికిని పెద్ద భేదము కలదని పాఠకులు గమనింపవలెను. నాడు నెత్తురు పాఱబోయుటకు తీసెడివారు. గొంతువాపుతో మంచమెక్కిన జార్జి వాషింగ్టనుకు 1799 డిసెంబరున ఒక్క దినములోనే పలు పర్యాయములు నెత్తురు తీసిరి. ఆనాటి రాత్రియే ఆయన కన్నుమూసెను. నేడు తీయుట చదువుటకు. అయిదు మిల్లీలీటర్ల నెత్తురులో మనుష్యుని మూత్రపిండమును, కాలేయమును, చక్కెరను, మున్ముందు రాబోవు గండమును వైద్యుడు చదువుచున్నాడు. ఆ చదువులో ఆంధ్రులకును భాగము కలదు. భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఫిస్కెతో కూడి 1925లో ప్రకటించిన భాస్వర నిర్ణయపద్ధతి ప్రపంచమంతట వ్యాపించినది. ఆ మహనీయుడే బోస్టనులో పొట్టకూటికై ఆస్పత్రిలో రాత్రివేళ పనివాడుగా ఊడిగము చేసినవాడు. ఆస్పత్రి చిన్నపనిని చులకనగా చూచువారు ఈ సంగతి జ్ఞప్తియందుంచుకొనుట మంచిది.

"సూది గ్రుచ్చుటలో ఏమున్నది?" యని యడుగువారు కలరు. చెప్పెదము. మోచేతి మడతలో మధ్యనున్న సిర సామాన్యముగా సులువైనది. దానికి లోపలిప్రక్క సిరను ఎంచుకొన్నచో, సమీపముననే ధమనియు నరమును పొంచియుండును. సూది నరమునకు తగిలెనా, చేయి నెలల తరబడి తిమ్మిరెక్కియుండవచ్చును. పట్టీ నిమిషమునకు మించి బిగియబట్టరాదు. బట్టినచో నీరు వెలికి పోయి నెత్తురు చిక్కబడి లెక్కలు తప్పును. రోగిని మాటిమాటికి పిడికిలి మూసి తెఱువుమన్నచో పొటాషియము లేనిపోని యెత్తుకు పోవును. స్పిరిటు ఆఱకమునుపే పొడిచినను, సన్నని సూదితో బలముగా లాగినను రక్తకణములు పగులును. మరల పొటాషియమే పెరిగినట్లు కనబడును. రోగికి గుండె ఆగునేమోయని యింటిల్లిపాది హడలిపోవుదురు. రోగము రోగిలో లేదు, సూదిలో నున్నది!

ఇక గొట్టముల సంగతి. మూతల రంగులు అందమునకు పెట్టినవి కావు. నీలిమూత గొట్టములో సిట్రేటు. గడ్డకట్టు గుణమును పరీక్షించుటకు. ఊదామూత దానిలో కణములను లెక్కించుటకై ఇ.డి.టి.ఎ. యను లవణము. బూడిదరంగు మూత దానిలో ఫ్లోరైడు. అది లేనిచో కణములే చక్కెరను తినివేయుచుండును గనుక, ఎండలో సంచిలో మ్రగ్గిన నెత్తురు మధుమేహిని ఆరోగ్యవంతునిగా చూపగలదు. ఈ గొట్టములను ఒక వరుసలో నింపవలెను: నీలి మొదట, ఊదా, బూడిద చివర. వరుస తప్పి ఊదాగొట్టపు లవణము చుక్కయైనను తరువాతి దానిలో పడెనా, పొటాషియము పెరిగినట్లును, కాల్షియము క్షీణించినట్లును అబద్ధపు ఫలితము వచ్చును. రక్తశుద్ధికై ఏర్పఱచిన చేతిని ముట్టరాదు. రొమ్ము శస్త్రచికిత్స జరిగిన వైపు చేతిని సాధ్యమైనంతవఱకు విడువవలెను. ఇవన్నియు తెల్లవాఱుజామున, మసక వెలుతురులో, మంచముప్రక్కన వంగి నిలిచి చేయవలసిన పనులు.

అన్నింటికంటె మిన్నయైన బాధ్యత పేరు వ్రాయుట. రోగినోట పేరు చెప్పించుకొని, ఆ మనిషి యెదుటనే గొట్టముపై వ్రాయవలెను. 1901లో లాండ్‌స్టైనరు రక్తవర్గములను కనుగొన్నది మొదలు రక్తదానము ప్రాణదానమైనది; కాని పేరు మాఱిన గొట్టమువలన ఒకరి వర్గము మఱొకరికి వ్రాయబడినచో ఆ దానమే ప్రాణము తీయును. ల్యాబు లోపములలో సగమునకు మించినవి నెత్తురు యంత్రమును చేరకముందే జరుగునని పరిశోధకులు పలుమాఱులు తేల్చినారు. కోట్లు పోసి కొన్న యంత్రమును వేలెత్తిచూపనక్కఱలేదు. దాని సత్యమంతయు సంచి మోయువాని చేతిలో నున్నది.

మఱి ఆ చేతికి మన మిచ్చున దేమి? ఇంటింటికి తిరిగి నెత్తురు తెచ్చువారిలో పలువురికి నెలజీతము లేదు. ఇంటికింత యని కూలి. పరగడుపు పరీక్షలన్నియు ఆఱింటికిని తొమ్మిదింటికిని నడుమ ముగియవలెను. కావున ఆ మూడు గంటలే సంపాదన. పెట్రోలు పలుచోట్ల తనదే. ట్రాఫిక్కులో చిక్కుకొన్న నష్టము తనదే. తాళము వేసియున్న ఇంటికి పోయి వచ్చిన శ్రమయు తనదే. "రెండుమాఱులు పొడిచినా" డని ఇంటివారు ఫోను చేసినచో ఆనాటి కూలికే మోసము రావచ్చును. ముదుసలి చేతులలో సిర జాఱిపోవుననియు, క్యాన్సరు మందులు ఎక్కించుకొన్నవారి సిరలు త్రాళ్లవలె గట్టిపడుననియు ఆ ఫోను చేయువారికి తెలియదు. ఈ పనిలో ఆడపిల్లలును పెక్కురు కలరు. తెలియని యిండ్లలోనికి ఒంటరిగా అడుగుపెట్టవలసిన వారి భయమును ఏ కూలిపట్టికయు లెక్కింపదు.

సూది రోగిని మాత్రమే పొడుచునని యెవరును తలంపరాదు. వ్యాధిగ్రస్తుని నెత్తురంటిన సూది, టీకా వేయించుకొననివాని చేతికి గ్రుచ్చుకొన్నచో హెపటైటిసు-బి సోకు భయము నూటికి ముప్పదివఱకు ఉండవచ్చును, హెపటైటిసు-సి నూటికి రెండు ప్రాంతము, హెచ్.ఐ.వి. వేయింటికి మూడు. మొదటిదానికి మూడు మోతాదుల టీకా కలదు. కడపటిదానికి 72 గంటలలోపల మందు ఆరంభింపవలెను. ఎంత త్వరగా మ్రింగిన అంత మేలు. మధ్యదానికి టీకాయే లేదు. 2016 నాటి వైద్యవ్యర్థముల నియమములు, వాడిన సూదులను గ్రుచ్చుకొనని తెల్లని గట్టిడబ్బాలో వేయవలెనని శాసించుచున్నవి. శాసనము మంచిదే. కాని మోటారుసైకిలు సంచిలో ఆ డబ్బా ఉన్నదా, ఆ పిల్లవానికి టీకా పడినదా, సూది గ్రుచ్చుకొన్న దినమున ఆతడు కూలి మానుకొని ఆస్పత్రికి పోగలడా యని యెవరు విచారించుచున్నారు?

పార్లమెంటు 2021లో అనుబంధ వైద్యవృత్తులకై జాతీయ కమిషను చట్టమును చేసినది. ల్యాబు వృత్తులకు అందులో మొదటి వర్గముననే స్థానము లభించినది. ఇది హర్షింపదగినదే. కాని ఆ చట్టము అనుబంధ వైద్యవృత్తివానికి 2,000 గంటలకు తక్కువకాని, రెండు మొదలు నాలుగేండ్లవఱకు సాగు శిక్షణను నిర్దేశించుచున్నది. ల్యాబు టెక్నీషియను డిప్లొమా చదివినవా డీ గీతకు ఆవల నిలువగలడు. కొన్ని నెలల నైపుణ్యశిక్షణతో సూది పట్టిన పేదపిల్లవాని గతి యేమి? సర్కారు ప్రోత్సాహముతోనే ఆతడా శిక్షణ పొందెను. ఇపుడు చట్టమునుబట్టి ఆతడు వృత్తివాడా, కాడా? ఈ ప్రశ్నను దాటవేసినచో నమోదుపట్టిక ఒకవైపునను, నెత్తురు తీయుచేతులు మఱొకవైపునను మిగులును.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రము 2003 నుండి ఈ వృత్తికి ప్రత్యేకానుమతి విధించినది. అనుభవము లేనివాడు నలువది గంటల పాఠము, నలువది గంటల అభ్యాసము, అందులో ఏబది సిరావ్యధములు, పది వ్రేలిపోట్లు పూర్తిచేయవలెను. పెద్ద చదువేమియు కాదు, లెక్కగల చదువు. ఆ దేశమున ఈ వృత్తివారి మధ్యమ సంవత్సరాదాయము 2024 మే నాటికి 43,660 డాలర్లు. అక్కడి ధరలతో పోల్చిచూచిన నది ఐశ్వర్యము కాదు, కాని సంసారమునకు అన్నము పెట్టునది. మనమును ఆ వేల గంటల గీతను చెఱపనక్కఱలేదు. సూదిపట్టుటకు మాత్రమే పరిమితమైన వేఱొక మెట్టును ఏర్పఱచి, లెక్కించిన పోట్లతో పరీక్షించి, పేరు పట్టికలో చేర్చి, పనిచేయుచు చదువుకొని పై మెట్టెక్కుటకు దారి విడువవచ్చును. తెలంగాణమున 2018లో హైదరాబాదు కేంద్రముగా ఆరంభమైన సర్కారు ఉచిత పరీక్షల పథకము, దూరపు ఆరోగ్యకేంద్రములలో తీసిన నెత్తురును ఒక్కచోటికి చేర్చి పరీక్షించు పద్ధతిపై నిలిచినది. ఆ పద్ధతియంతయు మొదటి పోటుపైననే ఆధారపడియుండుట చూడగా, సర్కారే ముందుగా ఈ మెట్టును కట్టుట న్యాయము.

ల్యాబుల యజమానులకు ఒక మాట. టీకా ఖర్చును, సూదిపోటు భీమాను, తాళమువేసిన యింటికి తిరిగిన కూలిని సంస్థ భరింపవలెను. ఫలితముల కాగితముపై నెత్తురు తీసినవాని పేరును, తీసిన గంటను వ్రాయవలెను. తప్పు చేసినపుడు దొరుకును గదాయని కొందఱు దీనికి సంతసింపవచ్చును. దొరకనిండు, ఒప్పు చేసినపుడును దొరుకును గదా.

గృహస్థులు చేయగలదియు కొంత కలదు. ఆతడు వచ్చునప్పటికి దీపము వెలిగించి, చేయి ఆనించుటకు బల్లయో దిండో సిద్ధము చేయుడు. పరగడుపన్నచో కాఫీయు పనికిరాదు. మంచినీరు త్రాగవచ్చును, త్రాగినచో సిరయు చక్కగా దొరకును. మీ పేరు మీకు తెలియునని ఆతడు ఎఱిగియు అడుగును. విసుగుకొనక పూర్తిగా చెప్పుడు. గొట్టముపై ఆ పేరు సరిగా వ్రాసెనో లేదో చూచుకొనుడు. దూదిని చేయి మడువక గట్టిగా అదిమి పట్టుకొని, ఆతని పేరును కూడ అడిగి తెలిసికొనుడు.