మధుమేహానికీ ఓ 'హనీమూన్'!

బడికెళ్లే పిల్లాడు ఉన్నట్టుండి చిక్కిపోతాడు. ఎన్ని నీళ్లు తాగినా దాహం తీరదు, రాత్రిళ్లు పదేపదే మూత్రం. ఆసుపత్రికి తీసుకెళ్తే టైప్-1 మధుమేహమని తేలుతుంది. ఆరోజు నుంచీ ఇన్సులిన్ ఇంజెక్షన్లు. ఇంటిల్లిపాదీ ఆ దిగులులో ఉండగానే, కొన్ని వారాలకు ఓ విచిత్రం జరుగుతుంది. ఎప్పటి డోసే ఇచ్చినా చక్కెర మరీ పడిపోతుంటుంది. డాక్టరు డోసు తగ్గిస్తారు. మళ్లీ తగ్గిస్తారు. కొందరికి సగానికి సగం!

'జబ్బు నయమైపోయింది' అన్న మాట సరిగ్గా అప్పుడే ఇంట్లో వినిపిస్తుంది. అదే సమయంలో ఎవరో చెప్పిన ఆకు పసరు కూడా తాగిస్తుంటే... ఇక చెప్పేదేముంది, ఘనతంతా దానిదే! సూదులు ఆపేద్దామన్న ఆలోచనా మొదలవుతుంది. అదే ప్రాణం మీదికి తెచ్చేది.

అసలేం జరుగుతుందంటే...

క్లోమంలో ఇన్సులిన్‌ను తయారుచేసే బీటా కణాలపై శరీర రక్షణ వ్యవస్థే దాడి చేస్తుంది. జబ్బు బయటపడేనాటికి చాలా కణాలు పోయినా, కొన్ని మిగిలే ఉంటాయి. బయటి నుంచి ఇన్సులిన్ అందగానే వాటికి కాస్త ఊపిరి దొరుకుతుంది, మళ్లీ పనిచేస్తాయి. దీన్నే వైద్యులు 'హనీమూన్ దశ' అంటారు. కొందరికి కొన్ని నెలలు, కొందరికి ఏడాది పైన. కొందరు పిల్లల్లో అసలు కనిపించదు. కానీ దాడి ఆగలేదు కాబట్టి, ఆ మిగిలిన కణాలూ క్రమంగా తగ్గిపోతాయి.

ఈ దశలో కిలో బరువుకు రోజుకు అర యూనిట్ కన్నా తక్కువే సరిపోవచ్చు. అంటే 30 కిలోల పిల్లాడికి 15 యూనిట్లలోపు. అది ముగిశాక అదే పిల్లాడికి 21 నుంచి 30 దాకా అవసరం కావచ్చు. ఎదిగే వయసులో ఇంకా ఎక్కువ. ఈ లెక్క వేయాల్సింది డాక్టరే. ఇంట్లోవాళ్ల పనల్లా పుస్తకంలో రాసిపెట్టడం: ఏ పూట చక్కెర ఎంత, ఎన్ని యూనిట్లు ఇచ్చారు, ఏం తిన్నాడు, ఎంతసేపు ఆడాడు. ఒక్కరోజు అంకె చూసి డోసు మార్చరు, మూడు నాలుగు రోజుల తీరు చూస్తారు. చక్కెర 70 లోపు పడిపోతే మాత్రం ఆగడానికి లేదు. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి వెంటనే తాగించాలి. పావుగంటకు మళ్లీ పరీక్షించాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

సిరంజి సంగతీ చిన్నదేం కాదు. మన దగ్గర మిల్లీలీటరుకు 40 యూనిట్ల సీసాలూ, 100 యూనిట్లవీ దొరుకుతాయి. మొదటిదానికి ఎర్ర మూత సిరంజి, రెండోదానికి నారింజ రంగు మూతది. తారుమారైతే డోసే మారిపోతుంది.

జ్వరమొచ్చి పిల్లాడు అన్నం ముట్టకపోయినా ఇన్సులిన్ పూర్తిగా మానకూడదు. జ్వరంలో దాని అవసరం పెరగొచ్చు కూడా. వాంతులు, కడుపునొప్పి, ఆయాసంగా బరువైన ఊపిరి కనిపిస్తే అది కీటోఅసిడోసిస్ కావచ్చు. తెల్లారేదాకా ఆగే జబ్బు కాదది.

ఇక, హనీమూన్ ముగిసి డోసు పెరిగిన రోజున చాలామంది తల్లులు వేసే ప్రశ్న ఒకటుంది... 'పెళ్లిలో తిన్న ఆ లడ్డూ వల్లేనా?' కాదు. లడ్డూ ఆ పూట చక్కెరను పెంచుతుందేమో గానీ, బీటా కణాలు తగ్గిపోవడానికీ దానికీ సంబంధం లేదు.